చెనిక్కాయలో విషం, కణంలో కబురు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్లను పాత చిత్తూరు జిల్లావాళ్లు పడమటి మండలాలంటారు. ఎర్రనేలలు, గుట్టలు, వాన పడితే నిండే చెరువులు. ఇప్పుడు మదనపల్లె పేరు చెప్పగానే టమోటా మండీ గుర్తొస్తుంది గానీ, టమోటా ఇంతగా పాకకముందు ఇక్కడ వానాకాలం పంటంటే చెనిక్కాయే. రాగిసంగటి ముద్ద పక్కన చెనిక్కాయల ఊరుబిండి, పోపులోకి చెనిగనూనె, ఆవుకు చెక్క, ఎద్దుకు కట్టె. మొక్కలో ఏ భాగమూ వృథా పోదు. అందుకే ఆ పంటకు పట్టే బూజు సంగతి రైతు ఇంటితో ఆగదు. వంటింట్లోకి, గాటిపాట్లోకి, పాలకేంద్రంలోకి, చివరికి మనిషి కాలేయంలోని ఒక్కో కణంలోకీ వెళుతుంది.

ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో గింజ మీద పొడిలా కనిపిస్తుంది. ఒక్కోసారి ఏమీ కనిపించదు, పప్పు రెండుగా విప్పితే లోపల ఉంటుంది. నేలలో ఎప్పుడూ ఉండేదే. పైరు పచ్చగా, నేల పదునుగా ఉన్నంతకాలం దాని ఆటలు పెద్దగా సాగవు. ఊడలు దిగి, కాయ ఊరి, కోతకు మూడు నాలుగు వారాలుందనగా వాన ముఖం చాటేస్తే దానికి పండగ. నేల వేడెక్కుతుంది, కాయలో నీరు తగ్గుతుంది, గింజ తన్ను తాను కాపాడుకునే శక్తి పోతుంది. రాయలసీమలో ఆ చివరి నెల బెట్ట ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. అప్పుడు ఆ బూజు గింజలో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దానిలో అన్నిటికన్నా చెడ్డది బి1 రకం.

లోకానికి ఈ విషం సంగతి తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏదో కొత్త జబ్బనుకున్నారు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిగచెక్క దాణాలో దొరికింది కారణం. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1964లో, హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, పి.జి. తుల్పులే బృందం కోతిపిల్లలకు అఫ్లాటాక్సిన్ పెట్టి కాలేయం ఎలా చెడుతుందో లాన్సెట్ పత్రికలో రాసింది. పదేళ్లు తిరిగేసరికి ప్రయోగశాలలో చూసింది ఊళ్లలోనే జరిగింది. 1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్వాడా గిరిజన గ్రామాల్లో అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న 397 మంది కామెర్లతో, పొట్టలో నీరు చేరి జబ్బుపడ్డారు. 106 మంది చనిపోయారు. ఆ మొక్కజొన్న తిన్న కుక్కలూ చనిపోయాయి. దాని గుట్టు విప్పింది కూడా హైదరాబాదు సంస్థ నుంచి వెళ్లిన కృష్ణమాచారి, రమేశ్ భట్ తదితరులే.

పడమటి మండలాల్లో జరిగేది అలాంటి ఒక్కుమ్మడి ప్రమాదం కాదు. కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి, తెలియకుండా లోపలికి పోవడం. అందుకే దాని గురించి ఎవరూ కేకలు పెట్టరు.

ఆ కొంచెం లోపలికి పోయి చేసేదేమిటి?

కాలేయం పని మనం తిన్న తెలియని పదార్థాలను నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపడం. అఫ్లాటాక్సిన్ బి1నీ అలాగే మార్చబోతుంది. అక్కడే పొరపాటు జరుగుతుంది. కాలేయపు ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలించేసరికి, అంతవరకు ఊరికే ఉన్న పదార్థం ఎపాక్సైడ్ అనే దూకుడు రూపం ఎత్తుతుంది. అది క్షణాల్లో దేనికో ఒకదానికి అతుక్కోవాలి. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దొరికితే మంచిదే, బయటికి పోతుంది. డీఎన్‌ఏలోని గ్వానిన్ (జి) అక్షరం దొరికితే దానికే పట్టేస్తుంది. చిట్టెలుక కాలేయంలో గ్లూటాథయోన్ తగిలించే ఎంజైము చురుగ్గా ఉండడం వల్ల ఈ విషానికి అది చాలావరకు తట్టుకుంటుంది. పెద్ద ఎలుక తట్టుకోలేదు. మనిషికీ చిట్టెలుకకున్నంత రక్షణ లేదు.

అతుక్కున్న చోట డీఎన్‌ఏ మెలిక వంకర తిరుగుతుంది. కణం దాన్ని పసిగట్టి, అటూ ఇటూ కోసి, ముప్పై అక్షరాల దాకా ఉన్న ముక్కను తీసేసి, ఎదుటి పోగును చూసి కొత్తది అల్లుకుంటుంది. చాలాసార్లు ఆ పని సరిగ్గానే పూర్తవుతుంది. కోసి తీసేలోపే కణం విభజనకు దిగితే మాత్రం జి ఉండాల్సిన చోట టి అనే మరో అక్షరం పడుతుంది. 1991లో నేచర్ పత్రికలో ఒకేసారి రెండు బృందాలు ఒకే సంగతి బయటపెట్టాయి. చైనాలోని చిదోంగ్‌లోనూ, ఆఫ్రికా దక్షిణ భాగంలోనూ కాలేయ కేన్సర్ వచ్చినవారిలో పి53 అనే జన్యువు 249వ స్థానంలో సరిగ్గా ఇలాంటి మార్పే పదే పదే కనిపించింది. రెండు చోట్లా జనం తినే తిండిలో అఫ్లాటాక్సిన్ ఉంది. నేరం జరిగిన చోట వేలిముద్ర దొరికినట్టే.

అయితే ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. దెబ్బ తగిలిన కణం, తగిలిన తర్వాతి కొన్ని గంటల్లో ఏంచేస్తుంది? మరమ్మతు పూర్తయ్యేదాకా ఆగుతుందా, ఆగకుండా విభజనలోకి పోతుందా, బాగుపడే ఆశ లేదని తనను తాను చంపుకుంటుందా? డీఎన్‌ఏ మరమ్మతు గురించి మాట్లాడేవాళ్లు చాలాకాలం కోసే ఎంజైములు, అతికే ఎంజైముల గురించే మాట్లాడారు. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రొటీన్లను ఎవరూ పట్టించుకోలేదు. వాటి పని వేరని అనుకున్నారు.

2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. అసలు రికార్డు దెబ్బతిన్న రోజున బయట ఏ నకళ్లున్నాయి, వాటిలో దేన్ని ముందు చదవాలి, దేన్ని పక్కన పెట్టాలి అని తేల్చేవాళ్ల మీదే పని నడుస్తుంది. కణంలోనూ అంతే. డీఎన్‌ఏ నుంచి అప్పటికే రాసుకున్న నకళ్లు, అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు, వేలల్లో తిరుగుతుంటాయి. దెబ్బ తగిలినచోట కొత్త నకలు రాయడం నిలిచిపోతుంది కూడా. కాబట్టి ఉన్నవాటితోనే గట్టెక్కాలి. ఏ నకలు ఎంతసేపు బతకాలి, దాన్నుంచి ప్రొటీన్ తయారవ్వాలా వద్దా అన్నది ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రొటీన్లు తేలుస్తాయి. మనిషి కణాల్లో అవి 1,500 రకాలకు పైనే ఉన్నాయి.

వాటిలో హ్యూఆర్ అనేదాన్ని చూద్దాం. మామూలు రోజుల్లో అది ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు తగలగానే కేంద్రకం దాటి బయటికి వస్తుంది. వచ్చి కొన్ని నకళ్ల తోక దగ్గర, ఏ, యూ అక్షరాలు వరుసగా ఉండే చోట పట్టుకుంటుంది. పట్టుకున్న నకలును తుంచేసే ఎంజైములు ముట్టుకోలేవు. అలా పట్టుకునేవాటిలో ఒకటి పి21 ప్రొటీన్ నకలు. పి21 తయారైతే కణవిభజన ఆగుతుంది, మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. ఇంకొకటి పి53 నకలు. 2003లో వచ్చిన ఒక పరిశోధన, హ్యూఆర్ పట్టుకున్నాక పి53 ప్రొటీన్ తయారీ పెరుగుతుందని చూపింది.

పి53 కథ ఇంకాస్త ఆగి వినదగ్గది. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు చెత్తబుట్టలో వేస్తూనే ఉంటుంది. దాదాపు ఇరవై నిమిషాల్లో సగం మాయమవుతుంది. ఇంత దండగ దేనికని అనిపిస్తుంది. ఆపద వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టే తీరిక ఉండదు గనక. దెబ్బ తగలగానే చెత్తబుట్టలో వేయడం ఆగుతుందని చాలాకాలంగా తెలుసు. తయారీ కూడా పెరుగుతుందని 2005లో మైకేల్ కాస్టన్ బృందం సెల్ పత్రికలో రాసింది. పి53 నకలు మొదట్లో ఒక చిన్న భాగముంది. న్యూక్లియోలిన్ అనే ప్రొటీన్ అక్కడ పట్టుకుంటే తయారీ తగ్గుతుంది. ఆర్‌పీఎల్26 అనే మరో ప్రొటీన్ పట్టుకుంటే పెరుగుతుంది. రేడియేషన్ తగిలాక ఆర్‌పీఎల్26దే పైచేయి అవుతుంది. విచిత్రమేమంటే ఈ ఆర్‌పీఎల్26 అసలు రైబోజోములో ఒక ఇటుక. ప్రొటీన్లు తయారుచేసే యంత్రంలోని భాగమే వచ్చి, ఏ నకలు ముందు చదవాలో కూడా చెబుతోందన్నమాట.

అలా పెరిగిన పి53ను మళ్లీ అదుపులో పెట్టేవాళ్లు కావాలి కదా. లేకపోతే చిన్న దెబ్బకే కణాలన్నీ చచ్చిపోతాయి. ఆ పనికి ఆర్‌బీఎం38 ఉంది. పి53 తన పనిలో భాగంగా ఈ ఆర్‌బీఎం38 తయారీని పెంచుతుంది. ఆర్‌బీఎం38 వెళ్లి పి53 నకలునే పట్టుకుని తయారీని తగ్గిస్తుంది. ఇదీ ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రొటీనే.

పైన చెప్పిన ప్రయోగాలు ఎక్కువగా అతినీలలోహిత కిరణాలతో, రేడియేషన్‌తో చేసినవి. అఫ్లాటాక్సిన్ చేసే గాయం రూపం వేరు. కానీ ఆ గాయం నుంచి కూడా కబురు పి53 దాకా వస్తుంది. అందుకే ఆ 249వ స్థానపు మార్పు అంత చెడ్డది. ఆ మార్పు వచ్చాక, ఎన్ని ప్రొటీన్లు ఎంత జాగ్రత్తగా ఆ నకలును కాపాడినా, తయారయ్యే పి53 తన పని చేయలేదు. కాపలాదారులంతా డ్యూటీలోనే ఉంటారు, కాపాడుతున్నది మాత్రం పాడైన కాగితం.

ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్లు ఇంత ముఖ్యమని శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వెళ్లి కనిపెట్టింది కాదు, లెక్కలు తీస్తే ఎదురైంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు హెచ్చరిక మోగించేవి ఏటీఎం, ఏటీఆర్ అనే రెండు ఎంజైములు. 2007లో హార్వర్డ్‌లో స్టీఫెన్ ఎలెడ్జ్ బృందం ఆ హెచ్చరిక అందుకునే ప్రొటీన్లను ఏరితే 700కు పైగా తేలాయి. మరమ్మతు ప్రొటీన్లు వాటిలో ఉంటాయని అందరూ ఊహించిందే. ఆర్‌ఎన్‌ఏ పనివాళ్లు అంతమంది ఉంటారని ఊహించలేదు. రెండేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో కార్లీన్ సిమ్‌ప్రిచ్ బృందం జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే, ఏ జన్యువులు లేకపోతే డీఎన్‌ఏ చెదురుతుందో ఆ జాబితాలోనూ ఆర్‌ఎన్‌ఏను సవరించే జన్యువులే గుంపుగా కనిపించాయి.

కొన్ని ప్రొటీన్లు నకళ్లతో ఆగవు, నేరుగా గాయం దగ్గరికే వెళతాయి. ఎఫ్‌యుఎస్ అనేది అలాంటిది. ఇది చెడితే ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు రావచ్చని 2009లో తెలిసింది. చేతులు, కాళ్లు, చివరికి ఊపిరి కండరాలు కూడా పనిచేయని జబ్బు అది. అమెరికాలోని హ్యూస్టన్‌లో మురళీధర్ హెగ్డే బృందం 2018లో చూపిందేమంటే, డీఎన్‌ఏ పోగు తెగినచోట చివరి అతుకు వేసే లైగేజ్‌ను అక్కడికి చేర్చడానికి ఎఫ్‌యుఎస్ కావాలి. అది చెడితే అతుకు పడదు. ఈ మాట వినగానే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు చేసిన పని గుర్తుకొస్తుంది. ఆయన ఎన్నో ఏళ్లు ముసలి ఎలుకల మెదడు కణాల్లో డీఎన్‌ఏ మరమ్మతు ఎందుకు తగ్గుతుందో చూశారు. 2005లో ఆయన బృందం ముసలి ఎలుక నాడీకణాల రసానికి పాలిమరేజ్ బీటా అనే ఎంజైమునూ లైగేజ్‌నూ కలిపితే, ఆగిపోయిన మరమ్మతు మళ్లీ సాగుతుందని చూపింది. నాడీకణం ఇక విభజన చెందదు. పుట్టినప్పుడు ఇచ్చిన డీఎన్‌ఏతోనే చివరిదాకా బతకాలి. అతుకు వేసే పని ఆగితే దానికి వేరే దారి లేదు.

కుప్పం నుంచి రైలెక్కి పనులకు బెంగళూరు పోయేవాళ్లు చాలామంది. ఆ బెంగళూరులోనే భారతీయ విజ్ఞాన సంస్థలో పురుషార్థ్ రాజ్యగురు బృందం డీఎన్‌ఏకు దెబ్బ తగిలినప్పుడు కేంద్రకం బయట ఉన్న నకళ్ల గతి ఏమవుతుందన్న ప్రశ్ననే రొట్టెలు పొంగించే ఈస్టులో పట్టుకుంది. ఎస్‌సీడీ6, ఎస్‌బీపీ1 అనే రెండు ప్రొటీన్లు నకళ్ల నుంచి ప్రొటీన్ తయారుకాకుండా ఆపుతాయి.  ఈస్టుకూ మనకూ కోట్ల ఏళ్ల దూరముంది. అయినా రెండింటిలోనూ ఈ ఏర్పాటు ఉందంటే ఇది ఎంత పాతదో అర్థమవుతుంది.

ఇక కాలేయం దగ్గరికి వద్దాం. అఫ్లాటాక్సిన్‌కు తోడు హెపటైటిస్ బి వైరస్ ఉంటే ముప్పు కూడుకోదు, గుణించుకుంటుంది. షాంఘైలో 18,000 మందికి పైగా మగవాళ్ల మీద జరిగి 1992లో వెలువడిన అధ్యయనంలో ఈ రెండూ ఉన్నవారికి కాలేయ కేన్సర్ ముప్పు, ఏదీ లేనివారి కన్నా దాదాపు 60 రెట్లు కనిపించింది. వైరస్ వల్ల కాలేయ కణాలు చచ్చి, కొత్తవి పుడుతూ ఉంటాయి. విభజన ఎక్కువైతే మరమ్మతుకు వ్యవధి తక్కువ. కాబట్టి చెనిక్కాయ తినే ప్రాంతంలో హెపటైటిస్ బి టీకా అంటే సగం అఫ్లాటాక్సిన్ మందు కూడా. 1997లో మనదేశంలో ఆ టీకాను సొంతంగా, చవకగా తయారుచేసింది హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి పెట్టిన శాంతా బయోటెక్నిక్స్. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు ఉచితంగా వేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని దాటవేయకూడదు.

పొలంలో చేయాల్సినవి రైతుకు కొత్త కాదు, తీరిక చిక్కకపోవడమే ఇబ్బంది. ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది. చివరి నెలలో వీలుంటే ఒక తడి ఇవ్వాలి. పీకిన చెట్టును కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి. చేతిలో ఆడిస్తే గింజ గలగలమనే దాకా, తేమ 8 శాతానికి దిగే దాకా కాయ ఎండాలి. మరలో వేసే ముందు పప్పు విరగకూడదని కాయల మీద నీళ్లు చల్లే అలవాటొకటి ఉంది. బూజుకు అంతకన్నా మేలు ఇంకెవరూ చేయరు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అనంతపురం, చిత్తూరు జిల్లాల రైతులతో ఈ పనులే పరీక్షించి చూసింది. విషాన్ని తక్కువ ఖర్చులో కొలిచే ఎలైజా పద్ధతిని కూడా అక్కడే డి.వి.ఆర్. రెడ్డి తదితరులు రూపొందించారు.

కానీ అసలు గొడవ పొలంలో లేదు, మండీ తర్వాత ఉంది. యూరప్ నేరుగా తినే చెనిక్కాయల్లో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఈ విషాన్ని ఒప్పుకోదు. మన నియమం 10. ఇంకా శుద్ధి చేయాల్సిన సరుకైతే 15, అంటే టన్ను కాయల్లో 15 మిల్లీగ్రాములు. ఎగుమతికి పోయే సరుకును ఆడవాళ్లు బల్లల మీద పరిచి ఏరుతారు. ముడతపడినవి, పొర చిట్లినవి, రంగు మారినవి తీసేస్తారు. విషంలో పెద్ద భాగం ఆ కొద్ది గింజల్లోనే ఉంటుంది, కాబట్టి ఏరడం బాగా పనిచేస్తుంది. ఏరి పక్కన పోసిన ఆ కుప్పను ఎవరూ పారబోయరు. తక్కువ ధరకు నూనెమిల్లుకు పోతుంది. మంచి గింజ సముద్రం దాటుతుంది, చెడ్డది ఊళ్లోనే ఉండిపోతుంది. ఈ లెక్క తప్పని గట్టిగా అనే వ్యవస్థ మనకింకా లేదు.

మిల్లులో విషం ఎక్కువగా చెక్కలోనే మిగిలిపోతుంది. శుద్ధి చేసిన నూనెలో క్షారంతో కడిగేటప్పుడు కొంచెమున్నదీ పోతుంది. గానుగనూనె కావాలని ఇప్పుడు ఎగబడుతున్నారు గానీ, గానుగలో కడిగే పని ఉండదు. కాబట్టి ఆ నూనె మంచిదా కాదా అన్నది గానుగను బట్టి కాదు, గింజను బట్టి ఉంటుంది. ఆడించే ముందు గింజ ఏరారా అని అడిగే కొనుగోలుదారు ఎంతమంది?

చెక్క ఆవు దగ్గరికి పోతుంది. పొట్టి కాళ్లతో, చిక్కటి పాలతో పేరుపడ్డ పుంగనూరు ఆవు బీళ్లలో మేసి బతకగల జాతి. చెక్క ఎక్కువగా తినేది పాలకేంద్రానికి పాలుపోసే జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలు. ఆవు కాలేయం బి1ను ఎం1గా మార్చి పాలలోకి పంపుతుంది. తిన్న విషంలో నూటికి ఒకటి రెండు వంతులు, బాగా పాలిచ్చే ఆవులో ఇంకా ఎక్కువ. కాచినా పోదు. అది కొవ్వును కాకుండా పాలలోని ప్రొటీన్‌ను అంటుకుని ఉంటుంది, అందువల్ల నెయ్యిలో తక్కువ, పెరుగులో, పన్నీరులో ఎక్కువ. లీటరు పాలకు మన హద్దు అర మైక్రోగ్రాము. యూరప్ హద్దు అందులో పదో వంతు. పాలు ఎక్కువగా తాగేది పసిపిల్లలు. వాళ్ల కాలేయ కణాలు ఇంకా విభజన చెందుతూ పెరుగుతుంటాయి, మరమ్మతుకు చిక్కే వ్యవధి ఆ మేరకు తక్కువ.

పాలలోకి విషం రాకుండా ఆపడం మాత్రం పొలంలో బూజును ఆపినంత కష్టం కాదు. ఆవు చెడ్డ చెక్క తిన్న ఒక రోజుకల్లా పాలలో ఎం1 కనిపిస్తుంది. ఆ చెక్క మాన్పించి మంచి మేత పెడితే మూడు నాలుగు రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి.